సెలవుల్లో చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ సందర్శన: తరచుగా అడిగే ప్రశ్నలు

సెలవులకు వెళ్లిన చోట ఒక చిన్న బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు, ఉందని, దాన్ని లోపలికి తీసుకెళ్లి చూపిస్తారని తెలిసినప్పుడు చాలామందికి ఒకే రకమైన సందేహాలు వస్తాయి. ముందుగా చెప్పి వెళ్లాలా, తాగనివారు వెళ్లవచ్చా, పిల్లలను రానిస్తారా, అసలు లోపల చూడడానికి ఏముంటుంది అనే ప్రశ్నలు పదే పదే ఎదురవుతున్నందున వాటిని సందర్శన దశల ప్రకారం ఇక్కడ కూర్చాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. చిన్న బ్రూవరీ ప్రదర్శనశాల కాదు, రోజూ పని జరిగే చోటు. తాగడానికి వెళ్లినవారి కన్నా ఆ పనిని చూడడానికి వెళ్లినవారే అక్కడినుంచి ఎక్కువ తృప్తిగా తిరిగి వస్తారు.

## బయలుదేరే ముందు

క్రాఫ్ట్ బ్రూవరీ అంటే ఏమిటి? పెద్ద బీరు ఫ్యాక్టరీకీ దీనికీ తేడా ఏమిటి?

అన్ని దేశాలూ ఒప్పుకునే నిర్వచనం ఏదీ లేదు. అమెరికాలోని బ్రూవర్స్ అసోసియేషన్ మాత్రం ఏటా 60 లక్షల బ్యారెళ్లకు మించకుండా తయారుచేస్తూ, ఇతర మద్యం కంపెనీల వాటా 25 శాతం లోపే ఉన్న సంస్థలను ఈ కోవలో లెక్కిస్తుంది. వాటిలో 15,000 బ్యారెళ్ల లోపు తయారుచేస్తూ చాలాభాగం బయటి చోట్ల అమ్మేవి మైక్రోబ్రూవరీలు. అక్కడి బ్యారెల్ అంటే దాదాపు 117 లీటర్లు. 1976లో కాలిఫోర్నియాలోని సోనోమాలో జాక్ మెకాలిఫ్ పాత డెయిరీ సామగ్రితో, పారేసిన లోహపు పాత్రలతో సొంతంగా అమర్చుకున్న న్యూ ఆల్బియన్ బ్రూవరీని ఈ ధోరణికి తొలి మెట్లలో ఒకటిగా చెబుతారు. సందర్శకులకు ఈ అంకెల కన్నా పనికొచ్చే తేడా వేరొకటి ఉంది. పెద్ద ఫ్యాక్టరీలో శిక్షణ పొందిన గైడ్ అద్దాల వెనుక నుంచి యంత్రాలను చూపిస్తారు. చిన్న బ్రూవరీలో మాత్రం ఆ ఉదయం మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) బస్తాలు మోసిన మనిషే చాలాసార్లు మీ ముందు నిలబడి మాట్లాడతారు.

ముందుగా బుక్ చేసుకోవాలా, నేరుగా వెళ్లిపోవచ్చా?

బుక్ చేసుకునే వెళ్లండి. బీరు అమ్మే ట్యాప్‌రూమ్ రోజంతా తెరిచి ఉన్నా, లోపలి టూర్ వారానికి కొన్ని వేళల్లోనే ఉండడం, ఒక్కో బృందంలో కొద్దిమందినే తీసుకోవడం మామూలు. ఫోన్‌లోనో సందేశంలోనో ఎంతమంది వస్తున్నారో, వారిలో పిల్లలు, వృద్ధులు, చక్రాల కుర్చీ వాడేవారు ఉన్నారో లేదో ముందే చెప్పడం మంచిది. ఇరుకు మెట్లు, తడి నేలలు ఉన్న చోట అప్పటికప్పుడు ఏర్పాట్లు చేయడం వారికి కుదరకపోవచ్చు.

ఏ రోజు, ఏ వేళకు వెళ్తే బాగుంటుంది?

బీరు కాచే రోజున, ఉదయం పూట వెళ్తే బాగుంటుంది. చిన్న బ్రూవరీలు రోజూ కాచవు. ఖాళీ ట్యాంకు ఉన్నప్పుడే కొత్త విడత మొదలవుతుంది కనుక వారానికి ఒకటి రెండు రోజులే ఆ పని పెట్టుకునే చోట్లు చాలా ఉన్నాయి. "మీరు ఏ రోజు కాస్తారు, ఆ రోజు సందర్శకులను రానిస్తారా?" అని బుక్ చేసేటప్పుడే అడగండి. కొందరు భద్రత దృష్ట్యా ఆ రోజు ఎవరినీ రానివ్వరు. రానిచ్చే చోట మాత్రం ఆ అవకాశం వదులుకోవద్దు. వేడి నీటిలో నానుతున్న మాల్ట్ నుంచి వచ్చే తీపి వాసన, కెటిల్ అనే మరిగించే పాత్రలో హాప్స్ అనే చేదు పూలు పడిన క్షణంలో మారిపోయే గాలి, ట్యాంకు అడుగునుంచి గింజల పిప్పిని పారతో తోడే దృశ్యం మిగతా రోజుల్లో దొరకవు. మిగతా రోజుల్లో మెరిసే స్టీలు పాత్రలు కనిపిస్తాయి, వాటిలో ఏం జరుగుతుందో మాటల్లో వినవలసి వస్తుంది. సెలవు దినాల సాయంత్రాలు అన్నిటికన్నా రద్దీగా ఉంటాయి, అప్పుడు తీరికగా జవాబు చెప్పే మనిషి దొరకడం కష్టం.

మేము మద్యం తాగం. అయినా వెళ్లొచ్చా?

నిస్సందేహంగా వెళ్లవచ్చు. ధాన్యంలోని పిండిపదార్థం చక్కెరగా మారడం, ఆ చక్కెరను ఈస్ట్ అనే సూక్ష్మజీవి ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడం అనే రెండు మార్పులను కళ్ల ముందు చూడగలిగే చోట్లు ఎక్కువగా ఉండవు. మాల్ట్ గింజలను నమిలి చూడవచ్చు, హాప్స్‌ను అరచేతుల్లో నలిపి వాసన చూడవచ్చు, కాచే రోజైతే ఇంకా పులియని తియ్యటి వోర్ట్‌ను చెంచాడు రుచి చూపిస్తారేమో అడగవచ్చు. వోర్ట్‌లో ఆల్కహాల్ ఉండదు. రుచి చూసే భాగం లేకుండా తక్కువ రుసుము తీసుకుంటారేమో కూడా ముందుగా అడగండి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఆల్కహాల్ లేని బీరు అని ఇచ్చేదానిలో 0.5 శాతం వరకు ఆల్కహాల్ ఉండడాన్ని చాలా దేశాల చట్టాలు అనుమతిస్తాయి కనుక పూర్తిగా దూరంగా ఉండేవారు సీసా మీద 0.0 అని ఉందో లేదో చూసుకోవాలి.

పిల్లలను తీసుకెళ్లవచ్చా?

అది ఆ ప్రాంతపు చట్టం మీద, ఆ బ్రూవరీ నియమం మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని చోట్ల పెద్దల వెంట పిల్లలను రానిస్తారు, కొన్ని చోట్ల చట్టబద్ధ వయసు రానివారిని గడప దాటనివ్వరు. రానిచ్చినా, మరిగే నీరు, రసాయనాలు, తడి నేల ఉన్న గదిలో చంటిపిల్లలతో గంటసేపు తిరగడం మంచిది కాదని మా అభిప్రాయం. వయసు రుజువు చేసే కార్డు మాత్రం పెద్దలందరూ వెంట ఉంచుకోవాలి.

గర్భిణులు, మందులు వాడుతున్నవారు ఏం చేయాలి?

టూర్‌కు వెళ్లవచ్చు, రుచి చూడడం మానుకోవాలి. గర్భధారణలో సురక్షితమైన ఆల్కహాల్ మోతాదు అంటూ ఏదీ నిర్ధారణ కాలేదు. మెట్రోనిడాజోల్ వంటి యాంటీబయాటిక్ వాడుతున్నప్పుడు, నిద్రమాత్రలు, మూర్ఛ మందులు, మధుమేహానికి మందులు తీసుకుంటున్నప్పుడు చిన్న గ్లాసు కూడా ఇబ్బంది పెట్టవచ్చు కనుక ప్రయాణానికి ముందే వైద్యుణ్ణి అడగడం ఉత్తమం.

ఎలాంటి బట్టలు, చెప్పులు వేసుకోవాలి?

వేళ్లు పూర్తిగా కప్పే, జారని బూట్లు తప్పనిసరి. చెప్పులతో వచ్చినవారిని గుమ్మం దగ్గరే ఆపేసే బ్రూవరీలు ఉన్నాయి, అది సరైన పనే. నేలమీద ఎప్పుడూ నీరు ఉంటుంది, పైపులను శుభ్రం చేసే కాస్టిక్ సోడా ద్రావణం పాదం మీద పడితే కాలుతుంది. వేలాడే దుపట్టాలు, వదులు చేతులు పంపుల దగ్గర ప్రమాదం. కాచే గది ఉక్కగా, బీరు చల్లబరిచే గది వణికించేంత చల్లగా ఉంటుంది కాబట్టి పైన వేసుకుని తీసేయగల పలుచని స్వెటర్ ఒకటి ఉంటే సుఖం. అత్తరు, సెంటు ఆ రోజుకు మానేయండి. మీకే కాదు, పక్కవారికి కూడా బీరు వాసన తెలియకుండా పోతుంది.

మేము అద్దె కారులో తిరుగుతున్నాం. నడిపేవారు కొంచెం రుచి చూడవచ్చా?

వద్దు. అనేక దేశాల్లో పరిమితి లీటరు రక్తానికి 0.5 గ్రాములు లేదా అంతకన్నా తక్కువ, కొన్నిచోట్ల సున్నా. తెలియని రోడ్ల మీద ఆ లెక్కలు వేసుకోవడం కన్నా టాక్సీలోనో బస్సులోనో వెళ్లడం మేలు. అది కుదరకపోతే నడిపేవారి వంతు బీరును మూత వేసిన క్యాన్‌లో ఇవ్వమని అడగండి. చాలామంది సంతోషంగా ఇస్తారు.

## లోపల తిరుగుతున్నప్పుడు

లోపల ఏమేం చూపిస్తారు? ఏ క్రమంలో?

మంచి టూర్ ధాన్యం నుంచి గ్లాసు వరకు బీరు నడిచే దారినే నడుస్తుంది, సాధారణంగా ముప్పావు గంట నుంచి గంటన్నర పడుతుంది. మొదట మాల్ట్, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. ఎంత వేడిలో ఆరబెట్టారన్నదే బీరు రంగును నిర్ణయిస్తుంది. బంగారు రంగు బీరుకూ నల్లని స్టౌట్‌కూ తేడా అక్కడే పుడుతుంది. మాల్ట్‌ను మరలో పగలగొట్టి మ్యాష్ టన్ అనే పాత్రలో వేడి నీటితో కలిపి, 62 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ మధ్య దాదాపు గంటసేపు ఉంచుతారు. గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొట్టేది అప్పుడే. వేడి ఆ పరిధిలో తక్కువవైపు ఉంటే ఈస్ట్ పూర్తిగా తినగల చక్కెరలు ఎక్కువై బీరు పలుచగా, తీపి లేకుండా వస్తుంది. ఎక్కువవైపు ఉంటే చిక్కదనం మిగులుతుంది. నాలుగైదు డిగ్రీల తేడాతో రుచి మారిపోతుందన్న ఈ ఒక్క సంగతి తెలిసి వెళ్తే, ఆ పాత్రకు తగిలించిన థర్మామీటర్‌ను మీరు వేరే కళ్లతో చూస్తారు.

తరువాత ఆ తియ్యటి ద్రవాన్ని, అంటే వోర్ట్‌ను, పిప్పినుంచి వడగట్టి కెటిల్‌లో 60 నుంచి 90 నిమిషాలు మరిగిస్తారు. మొదట్లో వేసిన హాప్స్ చేదునిస్తాయి, చివర్లో వేసినవి సువాసననిస్తాయి. మరిగిన వోర్ట్‌ను పలకలు పేర్చిన హీట్ ఎక్స్‌ఛేంజర్ గుండా పంపి నిమిషాల్లో చల్లారుస్తారు. ఆ క్రమంలో వేడెక్కిన నీటిని తరువాతి విడతకు దాచుకోవడం చిన్న బ్రూవరీల పొదుపు. చల్లారిన వోర్ట్ ఫెర్మెంటర్‌లో, అంటే పులియబెట్టే ట్యాంకులో, ఈస్ట్‌తో కలుస్తుంది. ఎయిల్ అనే రకం బీర్లు 18 నుంచి 22 డిగ్రీల దగ్గర పులిసి రెండు మూడు వారాల్లో తయారవుతాయి. లాగర్ అనే రకానికి 8 నుంచి 13 డిగ్రీల చల్లదనం, ఆపైన సున్నాకు దగ్గరగా వారాల తరబడి నిలవ కావాలి. ట్యాంకు అంతకాలం నిండి ఉండాలి కనుకనే చాలా చిన్న బ్రూవరీలు లాగర్ జోలికి పోవు. లాగర్ చేస్తున్న చిన్న బ్రూవరీ కనిపిస్తే, ఆ ఓపిక గురించి తప్పక అడగండి.

నీటి గురించి అంతసేపు ఎందుకు చెబుతారు?

బీరులో తొంభై శాతానికి పైగా నీరే కాబట్టి, ఆ నీటిలోని లవణాలు రుచిని గట్టిగా మార్చేస్తాయి కాబట్టి. ఇంగ్లండ్‌లోని బర్టన్ అపాన్ ట్రెంట్ బావుల్లో జిప్సం నిండిన నీరు హాప్స్ చేదును పదునుగా నిలబెట్టింది, అందుకే ఆ ఊరు పేల్ ఎయిల్‌కు పేరు పొందింది. ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లో ఉన్న బొహీమియాలోని ప్ల్‌జెన్‌లో లవణాలు అతి తక్కువగా ఉన్న మెత్తని నీరు 1842లో యోసెఫ్ గ్రోల్ తొలిసారి కాచిన బంగారు రంగు పిల్స్‌నర్‌కు సరిపోయింది. డబ్లిన్ నీటిలోని బైకార్బనేట్‌ను బాగా వేగిన మాల్ట్‌లోని ఆమ్లత్వం సరిచేస్తుంది కనుక అక్కడ నల్ల బీర్లు నిలదొక్కుకున్నాయి. ఇప్పుడు ఏ ఊరి నీటినైనా శుద్ధిచేసి కావలసిన లవణాలు కలుపుకోవచ్చు. అయినా మీరు వెళ్లిన బ్రూవరీ తన ఊరి నీటిని అలాగే వాడుతోందా, మార్చుకుంటోందా అని అడిగితే ఆ ఊరి గురించి, ఆ బ్రూవర్ ఆలోచన గురించి ఒకేసారి తెలుస్తుంది.

ఈస్ట్ దగ్గరికి ఎందుకు రానివ్వరు?

బయటి సూక్ష్మజీవి ఒక్కటి చేరినా ఆ విడతంతా పుల్లబడవచ్చు. జర్మనీలోని బవేరియాలో 1516లో వచ్చిన ప్రసిద్ధమైన బీరు శాసనం బార్లీ, హాప్స్, నీరు మాత్రమే వాడాలని చెప్పింది. పులియబెట్టేది ఈస్ట్ అనే జీవి అని అప్పటికి తెలియదు, దాని ప్రస్తావన కూడా అందులో లేదు. 1883లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి స్వచ్ఛమైన ఈస్ట్‌ను పెంచే పద్ధతిని కనిపెట్టాకే ప్రతి విడతా ఒకే రుచితో రావడం సాధ్యమైంది. ఒక విడతలో పెరిగిన ఈస్ట్‌ను తీసి తరువాతి విడతకు వాడడం మామూలు కనుక, దాన్ని కాపాడుకోవడం బ్రూవరీకి ప్రాణసమానం.

ట్యాంకులోకి తొంగి చూడవచ్చా?

బ్రూవర్ స్వయంగా చూపిస్తే తప్ప వద్దు. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, కనిపించదు, ట్యాంకు నోటి దగ్గర, నేలమాళిగల్లో పేరుకుంటుంది. ముక్కు మండినట్లు అనిపించినా, తల తిరిగినట్లు అనిపించినా మొహమాటపడకుండా వెంటనే బయటికి రావాలి, పక్కవారికి చెప్పాలి. ఈ వాయువు వల్ల బ్రూవరీ కార్మికులు ప్రాణాలు కోల్పోయిన సందర్భాలు ఉన్నాయి.

ఫోటోలు తీసుకోవచ్చా?

సాధారణంగా తీసుకోవచ్చు. గోడమీద రాసి ఉన్న కొలతలను, పనిచేస్తున్న మనుషులను తీసేముందు మాత్రం అడగండి.

బ్రూవర్‌ను ఏమడిగితే మంచి సంభాషణ సాగుతుంది?

"మీ బీర్లలో ఏది బాగుంటుంది?" అనే ప్రశ్నకు అందరికీ చెప్పే జవాబే వస్తుంది. ఈ వారం ఏ ట్యాంకులో ఏముంది, మీ బీర్లలో ప్రతిసారీ ఒకే రుచితో తీయడానికి ఏది కష్టం, ఏ విడతను పారబోయవలసి వచ్చింది, పిప్పి ఎక్కడికి పోతుంది అని అడిగి చూడండి. చివరి ప్రశ్న చిన్నదిగా కనిపించినా బాగా పనిచేస్తుంది. వంద లీటర్ల బీరుకు దాదాపు 20 కిలోల తడి పిప్పి మిగులుతుంది, అది త్వరగా పాడవుతుంది, ఎక్కువగా పశువుల మేతకు వెళ్తుంది. దాన్ని తీసుకెళ్లే రైతుతో ఆ బ్రూవరీకి ఉన్న సంబంధం ఏ కరపత్రంలోనూ ఉండదు.

## రుచి చూసేటప్పుడు

చిన్న గ్లాసులే కదా, నాలుగు తాగితే ఎంత తాగినట్లు?

అనుకున్నదానికన్నా ఎక్కువే. 120 మిల్లీలీటర్ల గ్లాసులు నాలుగు, సగటున 6 శాతం ఆల్కహాల్ అనుకుంటే దాదాపు 23 గ్రాముల ఆల్కహాల్ అవుతుంది. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములను మాత్రమే తొలగించగలదు కనుక దాని ప్రభావం పోవడానికి మూడు గంటలకు పైగా కూడా పట్టవచ్చు. కాఫీ, చన్నీటి స్నానం ఆ సమయాన్ని తగ్గించవు. 9, 10 శాతం ఉండే బలమైన స్టౌట్‌లు జాబితాలో ఉంటే లెక్క ఇంకా పెరుగుతుంది. కడుపు ఖాళీగా వెళ్లకండి, ప్రతి గ్లాసు తరువాత అంతే నీరు తాగండి. ఇద్దరు కలిసి ఒక వరుస గ్లాసులు పంచుకోవడం అన్నిటికన్నా తెలివైన పద్ధతి. రుచులన్నీ తెలుస్తాయి, మోతాదు సగమవుతుంది.

ఏ క్రమంలో రుచి చూడాలి?

పలుచనివాటి నుంచి చిక్కనివాటికి, చేదు తక్కువవాటి నుంచి ఎక్కువవాటికి వెళ్లాలి. హాప్స్ ఎక్కువగా ఉండే గాఢమైన ఐపీఏ (ఇండియా పేల్ ఎయిల్) ముందు తాగితే ఆ తరువాత సున్నితమైన గోధుమ బీరు నీళ్లలా అనిపిస్తుంది. ముందు వాసన చూడండి, తరువాత చిన్న గుక్క, మింగిన తరువాత నాలుక మీద ఏం మిగిలిందో గమనించండి. గడ్డకట్టేంత చల్లగా ఉన్న బీరులో రుచి తెలియదు కనుక నల్లని, బలమైన రకాలను కొద్దిసేపు ఆగి చూడడం మేలు.

బోర్డు మీద ఏబీవీ, ఐబీయూ అని రాసి ఉంటాయి. వాటిని ఎలా అర్థం చేసుకోవాలి?

ఏబీవీ అంటే ఘనపరిమాణంలో ఆల్కహాల్ శాతం, ఇది తప్పక చూడవలసిన అంకె. ఐబీయూ చేదుకు కొలమానం. అయితే తీపి ఎక్కువగా ఉన్న బీరులో 50 ఐబీయూ కూడా మెత్తగా అనిపించవచ్చు, పలుచని బీరులో 30 కూడా గట్టిగా తగలవచ్చు. కాబట్టి ఐబీయూను చూసి భయపడి వదిలేయవద్దు.

అరటిపండు వాసన వస్తోంది. వెన్న వాసన వస్తోంది. బీరు పాడైందా?

గోధుమ బీర్లలో అరటిపండు, లవంగం వాసన సహజం. వాటికి వాడే ఈస్టే ఆ వాసనలనిస్తుంది. వెన్న వాసన డయాసిటైల్ అనే పదార్థం వల్ల వస్తుంది, చాలా రకాల్లో దాన్ని లోపంగానే చూస్తారు. పుల్లదనం కోరి చేసిన బీర్లు కూడా ఉన్నాయి కనుక తప్పు అని తేల్చేముందు "ఇది ఇలాగే ఉండాలా?" అని మర్యాదగా అడగండి. శ్రద్ధ ఉన్న బ్రూవర్ ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

నచ్చకపోతే వదిలేస్తే తప్పా?

ఎంతమాత్రం కాదు. అందుకోసమే బల్లమీద ఒక పాత్ర ఉంచుతారు. లేకపోతే అడగండి.

మేము శాకాహారులం. బీరు మాకు సరిపోతుందా? గ్లూటెన్ పడనివారి మాటేమిటి?

మూల పదార్థాలన్నీ మొక్కల నుంచి, ఈస్ట్ నుంచి వచ్చినవే. కానీ బీరును తేటపరచడానికి కొన్ని బ్రూవరీలు చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్‌ను గాని, జెలటిన్‌ను గాని వాడతాయి. సముద్రపు నాచు నుంచి వచ్చే ఐరిష్ మాస్ వాడేవి కూడా ఉన్నాయి, దానితో ఇబ్బంది లేదు. మిల్క్ స్టౌట్‌లో పాలలోని లాక్టోజ్ కలుపుతారు. లేబుల్ మీద ఇవన్నీ ఉండకపోవచ్చు కనుక నేరుగా అడగాలి. జవాబు చెప్పే మనిషే బీరు చేసిన మనిషి కావడం చిన్న బ్రూవరీలోని సౌకర్యం. బార్లీలోనూ గోధుమలోనూ గ్లూటెన్ ఉంటుంది. సీలియాక్ వ్యాధి ఉన్నవారు జొన్న, బియ్యం వంటి ధాన్యాలతో విడిగా చేసిన బీరైతే తప్ప రుచి చూడకూడదు. మర దగ్గర ఎగిరే ధాన్యపు పిండి వల్ల ఉబ్బసం ఉన్నవారికి ఇబ్బంది కలగవచ్చు.

## తిరిగి వెళ్లేటప్పుడు

బీరును విమానంలో ఇంటికి తీసుకెళ్లవచ్చా?

చెక్ ఇన్ సామానులో తీసుకెళ్లవచ్చు. 24 శాతం లోపు ఆల్కహాల్ ఉన్నవాటికి విమాన భద్రత నియమాల్లో పరిమాణ పరిమితి లేదు. అయితే మీరు దిగే ప్రాంతపు కస్టమ్స్ పరిమితి, అక్కడి మద్యం చట్టం వేరు, వాటిని ముందే చూసుకోవాలి. ఒక్కొక్క క్యాన్‌ను విడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బట్టల మధ్య చుట్టండి. ట్యాప్ నుంచి నింపి ఇచ్చే గ్రౌలర్ సీసాను ప్రయాణానికి కొనవద్దు. దాని మూత ఫ్యాక్టరీ సీలు కాదు, పైగా అందులోని బీరు ఎక్కువ రోజులు నిలవదు.

కొన్న బీరును ఎంతకాలంలో తాగాలి? ఎలా ఉంచాలి?

చిన్న బ్రూవరీల బీరు చాలావరకు పాశ్చురైజ్ చేయనిది, అందువల్ల ఫ్రిజ్‌లోనే ఉంచాలి. హాప్స్ సువాసన మీద ఆధారపడిన ఐపీఏ వంటివి నెల రెండు నెలల్లో తాగితేనే ఆ సువాసన ఉంటుంది. బలమైన స్టౌట్‌లు, బార్లీ వైన్ అనే బలమైన బీర్లు ఏడాదికి పైగా నిలుస్తాయి. గ్రౌలర్‌ను మూత తీయకుండా కొద్ది రోజుల్లో, మూత తీశాక ఆ రోజే ముగించాలి. వెలుతురు తగిలితే హాప్స్‌లోని పదార్థాలు మారి దుర్వాసన వస్తుంది, గోధుమరంగు సీసా దాన్ని కొంతవరకు ఆపుతుంది, క్యాన్ పూర్తిగా ఆపుతుంది. రెండింటిలో ఏది కావాలని అడిగితే క్యాన్ తీసుకోండి, దాని అడుగున ముద్రించిన నింపిన తేదీని కొనేటప్పుడే చూడండి.